భయానికి కౌంటు

మిల్లు కూత (మడివాళ నుంచి)



పోయిన నెల మోకాళ్ళ నొప్పుల గురించి రాస్తే చానా మంది ఫోన్లు చేసినారు. వావిలాకు కట్టమని ఒకరు, ఆముదం రాయమని ఒకరు. అందరికీ దండాలు. ఈ నెల ఇంకో నొప్పి గురించి రాస్తాను. ఇది ఎక్స్‌రేలో పడేది కాదు. నలభై ఏండ్లకు పైగా కడుపులోనే దాచిపెట్టుకున్నాను. మా ఇంటామెకు కూడా పోయిన సంవత్సరమే తెలిసింది.

నాకు పెద్ద పెద్ద వస్తువులంటే భయం.

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి తర్వాత చదవండి. పాము కాదు, పులి కాదు, దయ్యం కాదు. మిల్లు పొగగొట్టం, ఊరి బయట నీళ్ళ ట్యాంకు, ఆకాశానికి అంటే విగ్రహం, ఫ్లైఓవర్ కంబం. దూరంగా ఉంటే ఏమీ లేదు. కిందికి పోయి నిలబడితే కాళ్ళల్లో సత్తువ పోతుంది, నోరు ఎండిపోతుంది, గుండె మా ఊరి తప్పెట మాదిరి కొట్టుకుంటుంది. ఎత్తు ఎక్కితే వచ్చే భయం వేరు. మూడో మేడ ఎక్కి కిందికి చూడమంటే చూస్తాను. కింద నిలబడి పైకి చూడమంటేనే నా చేత కాదు.

హిందూపురం పక్క పల్లె నుంచి వచ్చి మిల్లులో చేరినప్పుడు నాకు పదిహేడేండ్లు. చదివింది అయిదో క్లాసు. మొదటి రోజు మా మామ నన్ను గేటు దాటించి, "అదో చూడరా, మన బాయిలర్ గొట్టం" అని చూపించినాడు. తలెత్తినాను. ఆ రోజు గాలి ఎక్కువ, మబ్బులు జోరుగా పోతా ఉన్నాయి. నా కంటికి మబ్బు కదిలేది కనబడలేదు. గొట్టమే నా మీదికి వాలుతున్నట్టు కనబడింది. అక్కడే కూలబడినాను. పొద్దున ఏమీ తినలేదేమో అని మామ బన్నూ టీ ఇప్పించినాడు.

ఆ రోజు నుంచి ముప్పై మూడేండ్లు గేటు నుంచి డిపార్ట్‌మెంటు దాకా తల వంచుకొనే నడిచినాను. మా సూపర్‌వైజరు దానికి వేరే అర్థం తీసుకున్నాడు. "ఈ పిల్లోడికి పెద్దలంటే ఎంత మర్యాద" అని పది మందిలో మెచ్చుకున్నాడు. యూనియన్ వాళ్ళేమో "తలెత్తుకొని నడవరా, కార్మికుడివి" అని తిట్టినారు. ఇద్దరికీ నిజం చెప్పలేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది, వినండి. కార్డింగ్ మిషన్ల దగ్గర నేను పన్నెండేండ్లు పని చేసినాను. వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను కండ్లారా చూసినాను. ఒక్క రోజూ ఆ మిషన్‌కు భయపడలేదు. దూది దుమ్ము సంగతి సరే సరి. ఆదివారం సెలవు తీసుకొని సోమవారం డ్యూటీ ఎక్కితే ఛాతీ బిగిసేది, ఊపిరి ఆడేది కాదు. మంగళవారానికి కొంచెం తగ్గేది. అందుకే మిల్లుల్లో దాన్ని సోమవారం జ్వరం అంటారు. డాక్టర్లు దానికి పెట్టిన పేరు బిస్సినోసిస్. నాతో పని చేసినవాళ్ళు కొందరు ఆ ఊపిరితోనే పోయినారు. కంటికి కనబడని ఆ దుమ్ముకు మనలో ఎవరమన్నా భయపడినామా? ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే చెమట పోస్తుందని విప్పి పడేసినాము. ఏనాడూ ఎవరినీ ఏమీ చెయ్యని గొట్టానికి మాత్రం నేను తల వంచినాను. భయం అపాయాన్ని చూసి రాదు అని అప్పుడే తెలుసుకొని ఉండాల్సింది. నాకు ఇప్పుడు తెలిసింది.

మిల్లు మూతపడింది. గొట్టం కూడా కొట్టేసినారు. పీడ పోయింది అనుకున్నాను. అయితే మనం ఉండేది మడివాళలో కదా. 2010 జనవరిలో సిల్క్ బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి దాదాపు పది కిలోమీటర్ల పై రోడ్డు తెరిచినారు. తర్వాత మెట్రో కంబాలు లేచినాయి. 2024 జూలైలో రాగిగుడ్డ వైపు నుంచి సిల్క్ బోర్డుకు డబుల్ డెక్కర్ ఫ్లైఓవర్ ఒక వైపు తెరిచినారు. కింద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు, దాని మీద రైలు. 2025 ఆగస్టులో పసుపు లైను రైలు కూడా నడిచింది. ఊరంతా సంతోషపడింది. నేనూ చప్పట్లు కొట్టినాను, మా ఇంట్లో టీవీ ముందర కూర్చొని.

మా అమ్మాయి ఇల్లు బొమ్మనహళ్ళిలో. గార్మెంట్సులో పని చేస్తుంది. మా ఇంటి నుంచి అక్కడికి పోవాలంటే సిల్క్ బోర్డు దాటాల్సిందే. ముందు బస్సులో కండ్లు మూసుకొని పోయేవాణ్ణి. 2023లో మనవడికి చెవులు కుట్టే రోజు బస్సు ఎక్కినాము. సిల్క్ బోర్డు ట్రాఫిక్ సంగతి మీకు చెప్పే పని లేదు. కంబాల మధ్యలో బస్సు ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. కండ్లు తెరిస్తే కిటికీ నిండా కాంక్రీటు. పైకి చూస్తే ఇంకా సగం కట్టిన దూలం. చెమటలు పట్టినాయి. కడుపు నొప్పి అని మా ఆమెకు చెప్పి, బస్సు దిగి, వెనక్కి తిరిగి మడివాళకు నడిచి వచ్చేసినాను.

మనవడి చెవులు నేను లేకుండానే కుట్టినారు. ఆ తర్వాత పండగలకు కూడా ఏదో ఒక సాకు. మా అమ్మాయి అత్తగారి వైపు వాళ్ళు ఒక మాట అన్నారంట, "మీ నాయనకు మా గడప తొక్కేది ఇష్టం లేదేమో" అని. ఇల్లు కొనేటప్పుడు నేను డబ్బు సాయం చెయ్యలేకపోయినాను. ఆ సిగ్గుతో రాలేదని కొందరు, కోపంతో రాలేదని కొందరు అనుకున్నారు. మా అమ్మాయి ఏమీ అనలేదు. ఫోన్లు మాత్రం తగ్గినాయి.

ఒక డాక్టరు దగ్గరికి పోయి ధైర్యం చేసి చెప్పినాను. ఆయన కంప్యూటర్లోంచి తలెత్తకుండానే, "వయసైంది పెద్దాయనా, ఇంటి పట్టున ఉండు" అని బీపీ మాత్ర రాసిచ్చినాడు. మళ్ళీ ఎవరికీ చెప్పకూడదు అనుకున్నాను.

పోయిన సంవత్సరం మన వీధిలో ఒక ఆదివారం ఆరోగ్య శిబిరం పెట్టినారు. షుగరు, బీపీ, కండ్లు చూసినారు. చివరి టేబుల్ దగ్గర ఎవరూ లేరు. సైకాలజీ చదివే పాప ఒకామె ఖాళీగా కూర్చొని ఉంది. కోలారు పిల్ల, మన తెలుగే. "తాతా, కూర్చోండి. నిద్ర బాగా పడుతుందా?" అని మొదలుపెట్టింది. చల్లగా మాట్లాడింది. ఎట్లా నోరు జారిందో తెలీదు, కంబాల సంగతి చెప్పేసినాను. ఆ పాప నవ్వలేదు. బ్యాగులోంచి ఒక కాగితం తీసింది.

"దీనికి కూడా కొలత ఉంది తాతా" అనింది.

ఇంగ్లీషులో మెగలోఫోబియా అంటారంట. గ్రీకు భాషలో మెగా అంటే పెద్ద, ఫోబోస్ అంటే భయం. ఆ పేరుతో వేరే జబ్బుగా డాక్టర్ల పుస్తకంలో లేదు. కుక్క, రక్తం, సూది, విమానం ఇట్లా ఏదో ఒక్క దాని మీదనే పట్టుకునే భయాలన్నీ ఒక గుంపు. నాదీ అందులోకే వస్తుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన పుస్తకంతో పాటు ఈ గుంపు భయాలకు ఒక ప్రశ్నల కాగితం తయారు చేసింది. పది ప్రశ్నలు. పోయిన ఏడు రోజుల్లో ఎట్లుండింది అని అడుగుతుంది. ఒక్కో దానికి సున్నా నుంచి నాలుగు దాకా నంబరు. ఎప్పుడూ లేదు అంటే సున్నా, ఎప్పుడో ఒకసారి అంటే ఒకటి, సగం సార్లు అంటే రెండు, చానా సార్లు అంటే మూడు, ఎప్పుడూ అంటే నాలుగు. మొత్తం నలభై.

కాగితం మొదట్లో నీ భయం ఏ రకం అని గళ్ళు ఉన్నాయి. విమానం, వంతెన ఒక గడి, జంతువులు ఒక గడి, ఎత్తు, నీళ్ళు, తుఫాను ఒక గడి, రక్తం, సూది ఒక గడి. నా భయానికి సరిగ్గా సరిపోయే గడి లేదు. పాప పక్కన పెన్నుతో "పెద్ద కట్టడాలు" అని రాసింది. నా కోసం ఒక గడి గీసినట్టు అనిపించింది.

ప్రశ్నలు ఆమె చదివింది, నేను నంబర్లు చెప్పినాను. ఉన్నట్టుండి గుండెలు జారిపోయినంత భయం కలిగిందా? మూడు. కంగారుగా ఉండిందా? మూడు. ఏదో చెడు జరిగిపోతుంది అనే ఆలోచన? మూడు. గుండె దడ, చెమట, ఊపిరాడకపోవడం? రెండు. ఒళ్ళు బిగుసుకోవడం? రెండు. ఆ పక్కకే పోకుండా తప్పించుకున్నావా? నాలుగు. పోయినా మధ్యలో వచ్చేసినావా? మూడు. పొయ్యేదానికి ముందు రేపు మాపు అని వాయిదా వేసినావా? మూడు. దాని గురించి ఆలోచించకుండా మనసు మళ్ళించుకున్నావా? మూడు. ఆఖరి ప్రశ్న, తట్టుకొనేదానికి మందు తాగడం, మాత్రలు, తాయెత్తు, తోడు మనిషి ఇట్లాంటివి కావాల్సి వచ్చిందా? ఒకటి, జేబులో ఆంజనేయస్వామి పటం పెట్టుకుంటాను కాబట్టి.

మొత్తం 27. పదితో భాగిస్తే 2.7. రెండంటే మధ్యరకం, మూడంటే తీవ్రం. నాది రెండింటి మధ్యన, తీవ్రం వైపు.

ఆ ఆఖరి ప్రశ్న దగ్గర నాకు మా పాత సావాసగాడు గుర్తొచ్చినాడు. గొంతులో ఒక గ్లాసు పడనిదే ఆయన లిఫ్టు ఎక్కడు. తాగుబోతు అని అందరమూ పేరు పెట్టినాము. ఎందుకు తాగుతున్నావని ఏ కాగితమూ ఆయన్ని అడగలేదు. మేమూ అడగలేదు.

ఇప్పుడు మీలో ఒకరు అడుగుతారు. భయాన్ని నంబరుతో ఎట్లా కొలుస్తారు, అదేమన్నా బియ్యమా అని. నేనూ ఆ పాపను అదే అడిగినాను. ఆమె జవాబు చెప్తా ఉంటే నాకు మన టెస్టింగ్ రూము గుర్తొచ్చింది.

నూలు సన్నమా మందమా అనేది కంటితో చెప్పలేము. పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత కౌంటు. నలభై వస్తే నలభయ్యో నంబరు నూలు. టెస్టింగ్ రూములో 120 గజాలు చుట్టి తూకం వేసి లెక్క కట్టేవాళ్ళు. ఒక్క కండె తీసుకొని తీర్పు చెప్పేవాళ్ళా? లేదు. వేరే వేరే ఫ్రేముల నుంచి కండెలు తెచ్చి సరాసరి తీసేవాళ్ళు. ఒకే ప్రశ్న అడగకుండా పది అడిగేది కూడా అందుకే. ఒక ప్రశ్న గుండెను, ఒకటి ఆలోచనను, ఒకటి కాళ్ళను అడుగుతుంది. అదే నూలును మళ్ళీ తూచితే అదే కౌంటు రావాలి. లేకపోతే తక్కెడ చెడిపోయింది అని అర్థం. ప్రశ్నల కాగితాన్ని కూడా వేలమందికి కాకపోయినా చానా మందికి ఇచ్చి, మళ్ళీ ఇచ్చి, ఇట్లాగే పరీక్ష చేస్తారంట. వానాకాలంలో నూలు తేమ పీల్చుకొని బరువు పెరుగుతుంది. మనిషి కూడా అంతే. రాత్రి నిద్ర లేకపోయినా, ఇంట్లో గొడవ జరిగినా నంబరు పెరుగుతుంది. అందుకే ఒక్కసారి వచ్చిన నంబరును చూసి గుండెలు బాదుకోకూడదు, రొమ్ము విరుచుకోనూ కూడదు.

ఇట్లాంటి కాగితాలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1964లోనే వోల్పే, లాంగ్ అనే ఇద్దరు భయాల పెద్ద లిస్టు ఒకటి తయారు చేసినారు. 1977లో కోహెన్ అనే ఆయన ఎత్తు భయానికి ఇరవై సందర్భాలు రాసి, ఒక్కో దానికి ఎంత కంగారు, ఎంత తప్పించుకుంటావు అని రెండు నంబర్లు అడిగినాడు. ఈ రెండో నంబరు చానా ముఖ్యం. ఎందుకంటే తప్పించుకొనేవాడికి భయం కనబడదు. నా కాగితంలోనే చూడండి. గుండె దడ రెండే. ఎందుకు? వారమంతా నేను ఆ పక్కకే పోలేదు కదా, ఇంక దడ యాడ నుంచి వస్తుంది?

కాగితం అంతటితో అయిపోయింది. పాప పెన్ను పక్కన పెట్టి, కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగింది. "ఈ భయం వల్ల మీ బతుకులో ఏం ఆగిపోయింది తాతా?"

"మా అమ్మాయి ఇల్లు" అన్నాను.

వెనక మా ఆమె నిలబడి ఉందని నేను చూసుకోలేదు. బీపీ చూపించుకొని వచ్చి అంతా వినింది. ఇంటికి పొయ్యే దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంట్లో అడుగు పెట్టినాక, "కడుపు నొప్పి అని మూడు నెలలు నీకు జీలకర్ర నీళ్ళు తాపినానే" అనింది. అంతే. నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇక్కడ ఒక సంగతి తేల్చి చెప్పాలి. పెద్ద వస్తువంటే భయపడేది అంతా జబ్బు కాదు. 2023 జనవరిలో నాగవార దగ్గర మెట్రో కంబానికి కట్టిన ఇనప చట్రం రోడ్డు మీద పడి ఒక తల్లీ బిడ్డా చనిపోయినారు. హుస్కూరు మద్దూరమ్మ జాతరలో నూరడుగులు దాటిన తేరు 2024లో ఒరిగి పడింది, 2025లో మళ్ళీ పడినప్పుడు ప్రాణాలు పోయినాయి. మన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ బుద్ధుడి విగ్రహాన్ని 1990 మార్చిలో పడవ మీద తీసుకుపోతా ఉంటే అది నీళ్ళల్లో పడి, పనివాళ్ళు చచ్చిపోయినారు. 1992 డిసెంబరులో గానీ దాన్ని మళ్ళీ లేపి నిలబెట్టలేకపోయినారు. కడుతున్న దూలం కింద నిలబడకపోవడం, తేరు తాళ్ళకు దూరంగా ఉండడం భయం కాదు, జాగ్రత్త. అట్లాంటి చోట పని చేసే మన పిల్లలు హెల్మెట్ అడగడం, తాడు అడగడం పిరికితనం కాదు, హక్కు. భయాల కాగితం చూపించి "నీకు జబ్బు" అని వాళ్ళ నోరు మూయించకూడదు. డాక్టర్ల పుస్తకంలో కూడా ఇదే రాసి ఉందంట. అపాయం ఎంతో దానికి మించిన భయం ఉండాలి, ఆరు నెలలకు పైగా ఉండాలి, దాని వల్ల మనిషి బాగా బాధన్నా పడాలి, లేదా పనో సంసారమో అన్నా చెడాలి. అప్పుడే జబ్బు లెక్క.

ఇంకొకటి. పెద్దదాన్ని చూసి ఒళ్ళు జలదరించేది మనిషి పుట్టుకలోనే ఉంది. మన ఈజీపురలోని కోదండరామస్వామి గుడికి విశ్వరూప విష్ణువు రాతి విగ్రహాన్ని 2018 డిసెంబరులో తమిళనాడు తిరువణ్ణామలై జిల్లా నుంచి బయలుదేరదీసినారు. మూడు వందల టన్నులకు పైన బరువు, 240 చక్రాల బండి. నెలల కొద్దీ దారిలోనే ఉండింది. హోసూరు దగ్గరికి వచ్చినప్పుడు మన వీధి వాళ్ళు బండ్లు కట్టుకొని చూసేదానికి పోయినారు. నేను పోలేదు. భక్తి లేదా అని అడిగినారు. ఇప్పుడు జవాబు చెప్తాను. విశ్వరూపం చూసి అర్జునుడంతటి వాడికే వణుకు పుట్టింది. మళ్ళీ మామూలు రూపానికి రమ్మని చేతులెత్తి మొక్కినాడు. నేనెంత?

పాప రాసిచ్చిన చీటీ పట్టుకొని ఆస్పత్రిలో మానసిక నిపుణురాలిని చూసినాను. ఆమె మాత్రలు ఇవ్వలేదు. ఒక కథ చెప్పింది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె దగ్గరికి కుందేలంటే భయపడే చిన్నపిల్లోడు వచ్చినాడంట. వాడికి ఇష్టమైనది తినిపిస్తా, కుందేలు బోనును గది చివర్లో పెట్టి, రోజూ కొంచెం కొంచెం దగ్గరికి జరిపిందంట. ఆఖరికి వాడు కుందేలును ముట్టుకొని ఆడుకున్నాడు. "మీకూ అదే వైద్యం, కుందేలుకు బదులు కంబం" అనింది.

ఇద్దరమూ కలిసి మెట్లు రాసినాము. ఒక్కో మెట్టుకు నూటికి ఎంత భయమో నంబరు వేసినాము. వోల్పే అనే ఆ డాక్టరే కనిపెట్టిన పద్ధతంట అది. ఫోన్లో కంబం ఫొటో చూడడం 20. మడివాళ మార్కెట్టు చివర నిలబడి సిల్క్ బోర్డు వైపు చూడడం 40. రోడ్డుకు అవతలి పక్కన నడవడం 55. కంబం కింద నిలబడడం 80. కంబాన్ని చేత్తో ముట్టుకొని తలెత్తడం 95. ట్రాఫిక్‌లో ఆగిన బస్సులో కండ్లు తెరిచి కూర్చోవడం 100.

షరతు ఒక్కటే. మెట్టు మీద నిలబడినాక నంబరు సగానికి దిగేదాకా అక్కడి నుంచి కదలకూడదు. పైన ఉండగా పారిపోతే భయమే గెలుస్తుంది. నిలబడితే కొంచెం సేపటికి అదే అలిసిపోతుంది. గాలి పీల్చి మెల్లగా వదలమనింది. ఇది మాత్రం డాక్టరు చెప్పినాకనే చెయ్యండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు అసలు సొంతంగా మొదలుపెట్టొద్దు.

మూడు వారాలకు మళ్ళీ కాగితం నింపినాను. 31! పెరిగింది. నాకు ఏడుపొచ్చినంత పని అయింది. నిపుణురాలు మాత్రం నవ్వింది. "ఇన్నాళ్ళూ మీరు దాని దగ్గరికే పోలేదు, ఇప్పుడు పోతున్నారు, దడ నంబరు పెరగదా మరి? తప్పించుకొనే నంబరు చూడండి" అనింది. చూస్తే నాలుగు కాస్తా రెండయింది. మొత్తం చూసి మోసపోకూడదు, లోపలి నంబర్లు చదవాలి. బేలు బరువు చూసి పత్తి మేలిరకమో కాదో చెప్పగలమా?

అయిదు నెలలకు మొత్తం 14కు దిగింది. అందులో కూడా ఒక నంబరు పెరిగే ఉంది. ఆఖరి ప్రశ్న, తోడు కావాల్సి వచ్చిందా అనేది. ముందు ఒకటి, ఇప్పుడు రెండు. ఎందుకంటే ముందు నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ తోడు రాలేదు. ఇప్పుడు సాయంత్రం పూట మా ఆమె నాతో నడుస్తుంది. ఆ నంబరు ఇప్పుడే తగ్గించాలనే తొందర నాకు లేదు.

మా అమ్మాయికి ఫోన్లో చెప్పినాను. అవతల చానా సేపు సద్దు లేదు. "నాయనా, ఇది ముందే చెప్పి ఉంటే ఏమయ్యేది? నేనేం తప్పు చేసినానో అని మూడేండ్లుగా వెతుక్కుంటా ఉండాను" అనింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నా సిగ్గు నాది అనుకున్నాను గానీ, దాని బరువు మోసింది ఆ పిల్ల.

తర్వాతి ఆదివారం మేమిద్దరమూ సిల్క్ బోర్డు దాకా నడిచినాము. అవతల మా అమ్మాయి, మనవడు వచ్చి నిలబడినారు. మొదటి కంబం దగ్గర ఆగినాను. నంబరు 85. చెయ్యి పెట్టినాను. చల్లగా, గరుకుగా ఉంది, మామూలు సిమెంటే. పది నిమిషాలకు 40 అయింది. మనవడు పరుగెత్తుకొచ్చి, "తాతా, నువ్వు కంబానికి ఆశీర్వాదం ఇస్తావుండావా?" అన్నాడు. బొమ్మనహళ్ళి దాకా వాడు కంబాలు లెక్కపెడతా నడిచినాడు. నేను సగం కంబాలకు తలెత్తినాను, సగానికి ఎత్తలేదు.

మెట్రో స్టేషను ఇంకా ఎక్కలేదు. కింద నుంచి దాన్ని చూస్తేనే నా లెక్కలో ఇప్పటికీ 70. మనవడేమో పుట్టినరోజుకు రైలెక్కించమని అడిగినాడు. చూద్దాం.

మీలో ఇట్లాంటి భయం ఎవరికన్నా ఉంటే, లేదా ఇంట్లో ఎవరన్నా ఊరికే "కడుపు నొప్పి" అంటా ఉంటే, ముందు తిట్టకుండా అడగండి. పోయిన వారం ఎన్నిసార్లు భయమేసింది, ఎన్నిసార్లు తప్పించుకున్నావు, దాని వల్ల ఏం ఆగిపోయింది. ఈ మూడు అడిగేదానికి చదువు అక్కర్లేదు. జబ్బా కాదా అని తేల్చేది మాత్రం డాక్టరే. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమని అడగండి, సిగ్గుపడొద్దు. మన హోసూరు రోడ్డు మీదే నిమ్హాన్స్ ఉంది. అంత దూరం పోలేనివాళ్ళు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బు పడదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంకో పని. ఆ కాగితంలో మన గడి లేదన్నాను కదా, మనమే గళ్ళు గీసుకుందాం. మీకు దేన్ని చూస్తే భయమో ఒక కార్డు మీద రాసి పత్రికకు పంపండి. పేరు రాయొద్దు. పొగగొట్టమో, నీళ్ళ ట్యాంకో, కట్ట మీది పెద్ద తూమో, ఓడో, విగ్రహమో ఏదైనా సరే. వచ్చే నెల అన్నీ కలిపి వేస్తాను. మీ గళ్ళ పక్కన నా గడి కూడా ఉంటుంది.